పెరటి కుంట బాగుచేసేలోగా తోకకప్పలను ఎక్కడ ఉంచాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. బెజవాడ పటమటలో మీ ఇంటి పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న తామర కుంట ఉంది. కింద పరిచిన పట్టా చిరిగి నీళ్లు ఇంకిపోతున్నాయి. వచ్చే ఆదివారం మేస్త్రీ వచ్చి పట్టా లాగేసి సిమెంటు పని మొదలుపెడతానన్నాడు. ఈలోగా మొన్నటి వానలకు కుంటనిండా నల్లటి తోకకప్పలు. మీ అమ్మాయి బడి నుంచి రాగానే వాటి దగ్గరే కూర్చుంటోంది, "వీటినేం చేస్తావమ్మా" అని అడుగుతోంది. పక్కింటాయన బకెట్లోకి పట్టి బందరు కాలువలో పోసేయమన్నారు. ఆ మాట మీ మనసుకు పట్టలేదు.

పట్టకపోవడమే మంచిదైంది. కాలువలో పోయకండి. ఇవి నిలవ నీళ్లలో పుట్టి పెరిగేవి. పారే నీళ్లలో ఈదే బలం ఆ తోకకు లేదు. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, రైవస్ కాలువైనా అంతే. చేపలుంటాయి, మురుగు కలుస్తుంది, ఒడ్డు నిట్రంగా ఉంటుంది. పైగా ఒక చోట నీళ్లలోని జబ్బులను ఇంకో చోటికి మోయడం కూడా అవుతుంది.

నేను గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా తామర తొట్లు, కలువ తొట్లు పెంచుతున్నాను. తొట్లు మార్చడం, పగిలినవి కట్టించడం ఎన్నిసార్లు చేశానో. వాటిలో ఎక్కువసార్లు వానాకాలంలోనే, తోకకప్పలు ఉన్నప్పుడే చేయాల్సి వచ్చింది. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మేస్త్రీకి ఫోన్ చేసి మూడు నాలుగు వారాలు ఆగమనడానికి వీలవుతుందేమో చూడండి. అన్నిటికంటే సులువైన దారి అదే. నల్లగా, మిరియాల్లా, గుంపుగా ఒకే వైపు కదులుతున్నాయంటే అవి చాలావరకు గోదురుకప్ప పిల్లలే. గుడ్లు పెట్టినప్పుడు మీరు చూసి ఉంటే గుర్తుండాలి. జిగురు దారంలో నల్ల పూసలు గుచ్చినట్టు, కలువ కాడలకు చుట్టుకుని పొడుగ్గా ఉంటాయి. గుడ్డు నుంచి బుల్లి కప్పయ్యి గట్టెక్కేదాకా మన వేడికి నెల, నెలన్నర పడుతుంది. ఇప్పటికే కొన్నిటికి వెనక కాళ్లు కనిపిస్తుంటే ఇంకో రెండు మూడు వారాల్లో చాలా భాగం వాటంతట అవే వెళ్లిపోతాయి.

నీళ్లు ఇంకిపోతుంటే ఎలా ఆగమంటారు అంటారేమో. ఒక పని చేయండి. రెండు రోజులు నీళ్లు పోయకుండా వదిలి, మట్టం ఎక్కడిదాకా దిగి ఆగిపోతుందో చూడండి. చిరుగు ఆ మట్టంలోనే ఎక్కడో ఉంటుంది. అడుగున ఆరేడు అంగుళాల నీళ్లు నిలుస్తున్నాయంటే తోకకప్పలకు అది చాలు. నిజానికి అవి లోతును కోరుకోవు. గట్టు పక్కన వెచ్చగా, పల్చగా ఉన్న నీళ్లలోనే తిరుగుతాయి. మధ్యాహ్నం పూట పైన ఒక పాత చీర నీడలా కట్టి, అలాగే ఉంచేయండి. అడుగుదాకా పూర్తిగా ఇంకిపోతుంటే మాత్రం ఆగడం కుదరదు. అప్పుడు తొట్టిలోకి మార్చాల్సిందే.

మార్చేటప్పుడు అందరూ తోకకప్పలను పట్టుకోవడం గురించే ఆలోచిస్తారు. పట్టుకోవలసింది నీళ్లను. వాటికి అలవాటైన ఆ పచ్చటి పాత నీళ్లు, ఆ నాచు, రాళ్ల మీది ఆ జిగురు, ఇవి వెంట వస్తే తోకకప్పలు ఎక్కడైనా బతుకుతాయి. ఇవి పోతే ఎంత మంచి తొట్టిలో పెట్టినా బతకవు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి.

పదిహేనేళ్ల కిందట నా పాత తొట్టి పగిలితే పక్కనే కొత్త సిమెంటు తొట్టి కట్టించాను. వారం రోజులు తడిపారు, గట్టిపడింది, చూడ్డానికి శుభ్రంగా ఉంది. నీళ్లు నింపి, సాయంత్రం ఓ రెండు వందల తోకకప్పలను అందులో వదిలాను. రాత్రి టార్చి వేసి చూస్తే అన్నీ అడుగున కదలకుండా ఉన్నాయి. కొత్త చోటు కదా, భయపడ్డాయేమో అనుకున్నాను. తెల్లారేసరికి తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. నీళ్లలో చేయి పెట్టి వేళ్లు రుద్దుకుంటే సబ్బునీళ్లలా జారుతున్నాయి. సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగిందన్నమాట. ఆ జారుడు నాకు ఇప్పటికీ వేళ్లకు గుర్తుంది. ఎవరు కొత్త తొట్టి కట్టించానన్నా నేను ముందు చేయి పెట్టి అదే చూస్తాను.

కాబట్టి మీ లెక్క ఇలా వేసుకోండి. సిమెంటు పని అయ్యాక వారం రోజులు తడపాలి. తర్వాత నిండా నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచి, పారబోసి, కొబ్బరి పీచుతో గోడలు రుద్ది, మళ్లీ నింపాలి. ఇలా కనీసం మూడు నాలుగు సార్లు. అరటి బోదెను ముక్కలుగా కోసి ఆ నీళ్లలో వేసి కుళ్లనిస్తే సున్నం విరుగుతుంది. చేపల తొట్లు కట్టేవాళ్లు, నర్సరీల వాళ్లు ఎప్పటి నుంచో చేసే పని ఇది. ఆ బోదె నీళ్లు వాసన వస్తాయి, కంగారుపడకండి, వాటినీ పారబోసేదే. చివర్లో అక్వేరియం షాపులో దొరికే పీహెచ్ కాగితం, అంటే నీళ్లలో క్షారం ఎంతుందో రంగు మారి చూపించే కాగితం, ముంచి చూసుకోండి. ఎనిమిదిన్నర లోపు ఉంటేనే ప్రాణులను వదలాలి. ఇదంతా కలిపి నాలుగు వారాలు ఎటూ పోతాయి. అంటే మీ తోకకప్పల్లో చాలావరకు కొత్త కుంటను చూడనే చూడవు. అవి కప్పలయ్యేది మీరిప్పుడు పెట్టే తొట్టిలోనే. రెండు రోజుల మకాం అనుకుని బకెట్లో వేసేయకుండా, అదే వాటి ఇల్లు అనుకుని ఏర్పాటు చేయండి.

తొట్టి ఏదైనా సరే, లోతు కంటే వెడల్పు ముఖ్యం. గాలి కలిసేది నీటి పైభాగంలోనే. నిలువు డ్రమ్ము కంటే బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు నయం. పశువులకు కుడితి పోసే పాత సిమెంటు గాబు ఎవరింట్లోనైనా ఖాళీగా ఉంటే మరీ మంచిది. ఏళ్ల తరబడి నీళ్లు పడ్డ గాబులో సున్నం బాధ ఉండదు, ఎండకు తొందరగా వేడెక్కదు. కడిగేటప్పుడు సబ్బు, ఫినాయిల్, బ్లీచింగ్ ఏదీ తగలనీయకండి. ఉత్త నీళ్లు, పీచు చాలు. లీటరు నీటికి ఐదారు తోకకప్పలు మించకుండా చూసుకోండి. మూడు వందలుంటే అరవై లీటర్ల నీళ్లు కావాలి. ఒకే టబ్బులో కాకుండా రెండింటిలో పెట్టండి. ఒకదాంట్లో నీళ్లు పాడైనా రెండోది మిగులుతుంది.

మీ కుంట నిండుగా ఉంటే ముప్పై ఆరు ఘనపుటడుగులు, అంటే సుమారు వెయ్యి లీటర్లు. అందులో మూడు వందల లీటర్లయినా శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడి నీడలో దాచుకోండి. టబ్బులో నీళ్లు మార్చడానికి అవే వాడతారు. కొత్త కుంట సిద్ధమైనప్పుడు చివరి నాలుగు బకెట్లు అందులో పోస్తే పాత కుంటలోని జీవమంతా అందులోకి చేరుతుంది. డ్రమ్ముల మూతికి బిగుతుగా గుడ్డ కట్టడం మరవకండి. లేకపోతే వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి.

ఇక తోడే పని. మేస్త్రీ మనుషులకు ఒక్క మాట గట్టిగా చెప్పండి, మోటారు నేరుగా కుంటలో పడేయొద్దని. తోకకప్పలన్నీ పైపులోకి పోతాయి. చిల్లుల ప్లాస్టిక్ బుట్టకు దోమతెర ముక్క రెండు వరసలు చుట్టి, మోటారును ఆ బుట్టలో పెట్టి దించండి. నీళ్లు వస్తాయి, ప్రాణులు రావు. చివర్లో నాలుగంగుళాలు మిగిలినప్పుడు మోటారు ఆపేసి మగ్గుతో, చెంబుతో పట్టండి. చేతితో ఎత్తకండి, వలతో ఊడ్చకండి. వాటి ఒళ్లు తడి కాగితం కంటే పల్చన. నీళ్లతో పాటే ఎత్తి, టబ్బు నీళ్లలో మగ్గు ముంచి మెల్లగా వంచాలి. మీ అమ్మాయికి ఈ పని అప్పగించండి. పిల్లల చేతికి ఆ ఓపిక ఉంటుంది. పని ముగిశాక చేతులు మాత్రం సబ్బుతో కడిగించండి.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ఇది అయిపోవాలి. టబ్బు ముందురోజు సాయంత్రమే పాత నీళ్లతో నింపి పక్కన పెట్టుకుంటే రెండింటి వేడీ ఒకటే ఉంటుంది.

మొక్కలు తీసేటప్పుడు అంతరతామర వేళ్లను, నాచును టబ్బులో ఒకసారి జాడించండి. వాటిలో చిక్కుకున్నవి ఎన్ని బయటపడతాయో చూస్తే ఆశ్చర్యపోతారు. అడుగు బురదను పారతో ఎత్తి లారీలో పోయించేయకండి. పెద్ద కప్పలు అందులో దాక్కుని ఉంటాయి. చేత్తో తడిమి చూస్తూ తీసి, కుంట పక్కనే నీడలో ఒక రాత్రి కుప్పగా ఉంచితే అందులో ఉన్నవి వాటంతట అవే బయటికి వస్తాయి. తెల్లారాక ఆ బురద మొక్కల పాదుల్లో వేసుకోవచ్చు, దానికి మించిన ఎరువు లేదు. గోడకో, ఆకు అడుగునో సబ్బు నురుగులా తెల్లటి ముద్ద కనిపిస్తే తుడిచేయకండి, అది చెట్టుకప్ప గుడ్ల గూడు. ఆకుతో సహా కోసి టబ్బు మీద వేలాడేలా కట్టండి. పిల్లలు బయటికొచ్చి కింది నీళ్లలోకి జారతాయి.

టబ్బులోకి ఏం వెళ్తున్నాయో కూడా కాస్త చూసుకోవాలి. కుంటలో చోటు ఎక్కువ కాబట్టి అన్నీ సర్దుకుని బతికాయి. టబ్బులో తప్పించుకునే దారి లేదు. తూనీగ పిల్లలుంటాయి, ఆరు కాళ్లతో, మట్టి రంగులో, అడుగున కదలకుండా. ఒక్కటి ఉన్నా రోజుకు కొన్ని తోకకప్పలను తినేస్తుంది. నీటితేలూ అంతే. వాటిని చంపక్కర్లేదు, వేరే డబ్బాలో ఉంచి తర్వాత కొత్త కుంటలో వదలండి. అలాగే నల్లవాటి మధ్య గోధుమ రంగులో, బాగా పెద్దవి, ఒంటరిగా తిరిగేవి ఉన్నాయేమో చూడండి. బావురుకప్ప పిల్లలైతే అవి మిగతా తోకకప్పలను తింటాయి. వాటిని విడిగా పెట్టాలి. తొలకరికి పసుపు పూసుకున్నట్టు మెరిసే ఆ పెద్ద కప్పలు పొలాల్లో పురుగులను తినే మన నేస్తాలు. కాళ్ల కోసం వాటిని పట్టి విదేశాలకు ఎగుమతి చేసేవారు, 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. కాబట్టి అవి మీ కుంటలో పుట్టాయంటే సంతోషించాల్సిన సంగతే.

గంబూసియా చేపల గురించి కూడా చెప్పాలి. దోమల కోసం వాటిని నీటి గుంటల్లో వదులుతుంటారు. ఎవరైనా తెచ్చిచ్చినా టబ్బులో మాత్రం వేయకండి. అవి తోకలు కొరుకుతాయి, చిన్నవాటిని బతకనీయవు. దోమల మందు చల్లడానికి మనుషులు వస్తే టబ్బు చూపించి, ఇందులో వద్దని చెప్పండి. నీటి మీద నూనె పొర పడిందంటే గాలి ఆడదు. ఇరుగుపొరుగు వాళ్లకు డెంగ్యూ టెన్షన్ ఉండటం సహజం, వాళ్లను తప్పు పట్టలేం. టబ్బు మీద దోమతెర కప్పి అంచుకు తాడు బిగిస్తే దోమలు గుడ్లు పెట్టలేవు, కాకులు, లకుముకి పిట్టలు కూడా దగ్గరికి రావు. అప్పటికే కుంట నుంచి వచ్చిన దోమ పిల్లలు ఉంటే టీ వడకట్టే జాలీతో పైపైన తీసేయండి.

తిండికి మీరు పెద్దగా పెట్టక్కర్లేదు. కుంటలో నాచు పట్టిన రెండు ఇటుకలు, నాలుగు రాళ్లు తెచ్చి టబ్బులో వేయండి. వాటిని గీకుతూ బతికేస్తాయి. ఇటుక శుభ్రమైపోయిందంటే ఆకలిగా ఉన్నట్టు. అప్పుడు పాలకూరో తోటకూరో బాగా కడిగి, మెత్తగా ఉడికించి, చల్లారాక బొటనవేలంత ముక్క వేయండి. సాయంత్రానికి మిగిలింది తీసేయాలి. అన్నం మెతుకులు, బ్రెడ్, బిస్కెట్ వద్దు. పిల్లలు ప్రేమగా వేస్తారు, ఒక్క రాత్రిలో నీళ్లు పులిసిపోతాయి. తోకకప్పలు ఆకలితో చావడం నేను పెద్దగా చూడలేదు. తిండి ఎక్కువై నీళ్లు చెడి చావడమే చూశాను.

రెండు మూడు రోజులకోసారి మూడో వంతు నీళ్లు తీసి, దాచిన నీళ్లు పోయండి. సన్నటి గొట్టం అడుగుకు ఆనించి, అక్కడి మురికి లాగేలా తీయాలి. దాచినవి అయిపోతే వాన నీళ్లు శ్రేష్ఠం. డాబా మీద మొదటి వాన కడిగేశాక వచ్చేవి పట్టుకోండి. కుళాయి నీళ్లు నేరుగా పోశారంటే అందులోని క్లోరిన్ వాటి మొప్పలను కాల్చేస్తుంది. మనం తాగే నీళ్లలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి ఉండాలని ప్రమాణం. మనకు అది రక్ష, వాటికి విషం. వెడల్పాటి పాత్రలో రెండు రోజులు ఎండ తగిలేలా ఉంచి పోయండి. తొందరైతే అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ చుక్కల మందు ఉంటుంది, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండకపోయినా గాలి తక్కువ. ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్లోకి ఎత్తు నుంచి ఏడెనిమిది సార్లు తిరగబోసి, ఒక రాత్రి ఉంచి వాడండి.

రోజూ పొద్దున్నే ఒకసారి వెళ్లి చూడటం మానకండి. నీళ్లలో గాలి బాగా తగ్గేది తెల్లవారుజామునే. నల్లవన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే నీళ్లు చెడుతున్నట్టే. గోదురుకప్ప పిల్లలకు ఈ వయసులో ఊపిరితిత్తులు ఉండవు, ఊరికే అలా పైకి రావు. వెంటనే సగం నీళ్లు మార్చండి. మధ్యాహ్నం చేయి పెట్టి చూడండి. నీళ్లు చేతికి వెచ్చగా తగిలితే టబ్బును ఇంకా నీడకు జరపాలి. వేడెక్కిన కొద్దీ నీళ్లు పట్టుకునే గాలి తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. మన బెజవాడ ఎండకు నల్ల ప్లాస్టిక్ టబ్బు ఎంత కాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వెనక కాళ్లు వచ్చాక ఓ వారం, పది రోజులు నిశ్చింతగా ఉంటుంది. తర్వాతి ఘట్టం దగ్గర చాలామంది మోసపోతారు. ముందు కాళ్లు వచ్చే ముందు రోజు తలకు అటూ ఇటూ చర్మం కింద ఏదో కదులుతుంటుంది. దగ్గరగా చూస్తే అది మోచేయి. లోపల మడిచి పెట్టుకున్న చేయి చర్మాన్ని తోసుకుని బయటికి వస్తుంది. మీ అమ్మాయికి అది తప్పకుండా చూపించండి. ఆ రోజు నుంచి అది తిండి మానేస్తుంది. నోరు మారుతుంటుంది, తోక కరిగి ఒంట్లోకి పోతుంటుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులతో గాలి పీల్చడం మొదలవుతుంది. అంటే అప్పటిదాకా నీళ్లలో బతికిన ప్రాణి ఇప్పుడు నీళ్లలోనే మునిగి చచ్చిపోతుంది. నున్నటి టబ్బు గోడ ఎక్కే శక్తి దానికి ఉండదు. అందుకని వెనక కాళ్లు కనిపించగానే టబ్బులో ఒక పక్క ఇటుకలు మెట్లుగా పేర్చి, గరుకు పెంకు ఒకటి వాలుగా ఆనించండి. కొబ్బరి డొక్క తేలేసినా ఎక్కి కూర్చుంటాయి. నీళ్లు కొంచెం తగ్గించండి. దోమతెరను ఆ మూల మాత్రం కాస్త ఎత్తి, కింద తడి ఆకులు, ఎండు గడ్డి పరిచి ఉంచండి. బయటపడ్డ కప్ప మీ గోరంత ఉంటుంది. గంటసేపు ఎండలో ఉంటే ఎండిపోతుంది. నీడ, తడి ఉన్న చోటు అడుగు దూరంలోనే ఉండాలి.

చెట్టుకప్ప పిల్లలో, వేరే రకాలో ఇంకా మిగిలి ఉంటే, కొత్త కుంట నీళ్లలో ముందు ఓ పదింటిని వదిలి ఒక రోజు చూడండి. అవి బాగుంటేనే మిగతావి.

మేస్త్రీకి ఆదివారం పొద్దున్నే చెప్పాల్సినది ఒకటుంది. నాలుగు గోడలూ నిట్రంగా కట్టించకండి. ఒక వైపైనా అడుగు నుంచి గట్టుదాకా వాలుగా రావాలి, ఆ వాలు మీద నున్నటి టైల్స్ వేయకుండా గులకరాళ్లు అద్దించండి. నిట్రపు గోడల కుంటలో కప్ప గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి, పైకి రాలేక అందులోనే పోతాయి. మళ్లీ ఎప్పుడైనా ఈ కుంట ఖాళీ చేయాల్సి వస్తే సంక్రాంతి దాటాక పెట్టుకోండి. తుపానులు అయిపోయి ఉంటాయి, ఎండలు ముదిరి ఉండవు, నీళ్లలో పిల్లలు కూడా దాదాపు ఉండవు.

ఈ నెలలో వాన పడ్డ రాత్రి బుల్లి కప్పలన్నీ ఒకేసారి బయల్దేరతాయి. వరండాలో, మెట్ల మీద, స్కూటరు కింద ఉంటాయి. ఆ నాలుగు రోజులు చెప్పులు దులిపి వేసుకోండి, బండి తీసే ముందు టార్చి వేసి చూడండి.